చుక్క చుక్క ఆయిలు... ఆదోని-ఎమ్మిగనూరు దారి

పత్తి ఒక ఊరిది, మగ్గం ఒక ఊరిది. కర్నూలు జిల్లా పడమటి కొసన ఉన్న ఆదోని, ఎమ్మిగనూరు గురించి ఒక్క మాటలో చెప్పమంటే నేను ఇలాగే చెబుతాను. రెండింటికీ మధ్య దూరం సుమారు 30 కిలోమీటర్లు. ఆదోనిలో పెద్ద పత్తి మార్కెట్ యార్డు, దాని చుట్టూ జిన్నింగు మిల్లులు, నూనె మిల్లులు. వ్యాపారం జోరు చూసి మా పెద్దవాళ్ళు ఆదోనిని "రెండో బొంబాయి" అని మురిసిపోయేవారు. ఎమ్మిగనూరు నేతగాళ్ళ ఊరు. అక్కడ 1938లో మాచాని సోమప్ప గారు చేనేత సహకార సంఘం పెట్టి వేలమందికి దారి చూపించారు. ఆయనకు పద్మశ్రీ కూడా వచ్చింది. ఎమ్మిగనూరు దుప్పటి అంటే తెలియని ఇల్లు మా వైపు ఉండదంటే అతిశయోక్తి కాదు.

మా ఆదోని 1953 దాకా బళ్ళారి జిల్లాలో ఉండేది. ఆ ఏడు అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి. అందుకే ఇప్పటికీ మా బజార్లో బేరం తెలుగులో మొదలై, మధ్యలో కన్నడంలోకి పోయి, ఉర్దూలో తేలుతుంది! 2022లో నంద్యాల వేరే జిల్లా అయినా మా రెండు ఊళ్ళూ కర్నూలు జిల్లాలోనే ఉండిపోయాయి.

చూడవలసినవి మా ఊళ్ళో బోలెడు. కొండమీద కోట, సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు, రణమండల కొండ ఎక్కితే ఆంజనేయస్వామి. ఎమ్మిగనూరులో నీలకంఠేశ్వరస్వామి. జనవరిలో ఆ స్వామి జాతర చూసి తీరాలి. అక్కణ్ణుంచి ఇంకాస్త పోతే మంత్రాలయం. గుడుల గురించి రాసేవాళ్ళు చాలామందే ఉన్నారు. నేను మాత్రం ఈ రెండు ఊళ్ళ మధ్య దారి గురించి, ఆ దారిలో మా కారు కార్చిన ఆయిలు గురించి రాస్తున్నాను. ఆడవాళ్ళ పేజీల్లో కారు గోల ఏమిటని అనుకోకండి. కుక్కరు గాస్కెట్టు దగ్గర ఆవిరి పోతే కనిపెట్టేది మనమే కదా! ఇదీ అలాంటిదే.

మామగారి ముల్లు

మాది పాత మారుతి 800. మామగారు ఉన్నప్పుడు 2008లో కొన్నది. మామగారు వయసులో ఉన్నప్పుడు పత్తి లారీలు తిప్పినవారు. కారులో ఆయిలు తగ్గితే వెలిగే ఎర్ర లైటు ఒకటి ఉంటుంది కదా, దాన్ని ఆయన నమ్మేవారు కాదు. "లైటు ఎలిగేటప్పటికి కొంప మునిగిపోయి ఉంటాది. ముల్లు ఉంటే ముందే చెప్తాది" అనేవారు. అందుకని కొన్న కొత్తలోనే ఆయిలు ప్రెషరు చూపించే చిన్న గేజీ ఒకటి స్టీరింగు పక్కన పెట్టించుకున్నారు.

ఆ గేజీకి వార్త అందించేది ఇంజను దగ్గరుండే సెన్సారు. చిన్న రేకు డబ్బీలాగా ఉంటుంది. ఇంజనుకు మామూలుగా చిటికెన వేలంత సన్నని మర రంధ్రం ఒకటి ఉంటుంది. ఎర్ర లైటు స్విచ్చి అందులో బిగిస్తారు. గేజీ కూడా కావాలంటే అక్కడ ఇత్తడి 'టీ' ముక్క ఒకటి పెట్టి, ఒక కొమ్మకు లైటు స్విచ్చి, ఇంకో కొమ్మకు గేజీ సెన్సారు బిగించాలి. కుళాయి పైపుకు పెట్టే టీ లాంటిదే, బాగా చిన్నది. మామగారు పోయి ఆరేళ్ళయింది. ఆయన ముల్లు మాత్రం రోజూ లేచి నిలబడుతూనే ఉంది. మావారు బండి తీసిన ప్రతిసారీ ముందు దానివంకే చూస్తారు.

తొమ్మిదో నెల, ఎనిమిది వేలు

మా అమ్మాయిని ఎమ్మిగనూరు ఇచ్చాము. అల్లుడుగారిది బట్టల వ్యాపారం. కిందటి కార్తీక మాసంలో అమ్మాయికి తొమ్మిదో నెల పడింది. పురిటికి పుట్టింటికి తీసుకురావాలని గురువారం మంచిదని చూసుకున్నాము. సరిగ్గా పది రోజుల ముందు కారు నిలబెట్టే చోట బండమీద నల్లటి మరకలు కనిపించాయి. మొదటి రోజు రూపాయి బిళ్ళంత. నాలుగో రోజుకు చపాతీ అంత. ఇంజను వెనకవైపు అడుగు భాగమంతా జిడ్డు. ఆ జిడ్డుకు పత్తి పీచు అంటుకుని నల్లటి గడ్డం మొలిచినట్టు ఉంది! మా ఊళ్ళో ఆ కాలంలో గాలిలో కూడా దూదే మరి.

ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక షెడ్డులో చూపిస్తే ఆ అబ్బాయి కింద పడుకుని టార్చి వేసి చూసి లేచాడు. "వెనక ఆయిలు సీలు పోయింది సార్. గేరుబాక్సు దించాల. నాలుగు దినాలు పడ్తాది. ఎనిమిది వేలు అనుకోండి" అన్నాడు.

ఎనిమిది వేలు అంటే మాబోటి వాళ్ళకు చిన్న మాట కాదు. అది పురుడుకని పక్కన పెట్టిన డబ్బు. అద్దె కారు మాట్లాడుకుని అమ్మాయిని తెచ్చుకోవచ్చు, నిజమే. కానీ తెచ్చాక? నెలలు నిండిన పిల్లను ఇంట్లో పెట్టుకుని, అర్ధరాత్రి నొప్పులు వస్తే ఆసుపత్రికి చేర్చేది ఈ కారే. మా ఇల్లు ఊరి చివర. ఆ వేళకు ఆటో కూడా దొరకదు. కాబట్టి ఈ బండి నమ్మకంగా ఉండాలి, గురువారం ఒక్కరోజుకే కాదు, నెల రోజులూ.

అల్లుడుగారు ఫోనులో, "అత్తయ్యా, మా ఊళ్ళో ఒక పెద్ద మిస్త్రీ ఉన్నాడు. విప్పకముందే ఆయనకొకసారి చూపించండి" అన్నారు. బుధవారం ఉదయం లేచి, ఆయిలు చూసే కడ్డీ తీసి, రెండు గీతల మధ్య ఉందని చూసుకుని, ఒక లీటరు డబ్బా డిక్కీలో పెట్టుకుని, మావారూ నేనూ బయలుదేరాము.

దారి పొడుగునా తెల్లపువ్వులు

కార్తీకంలో ఈ దారి చూడముచ్చటగా ఉంటుంది. నల్లరేగడి చేలు, మధ్య మధ్య బండరాళ్ళ గుట్టలు. తుంగభద్ర దిగువ కాలువ నీళ్ళు అందినచోట పచ్చగా వరి, అందనిచోట పత్తి, శనగ. ఎదురుగా పత్తి బోరేల ట్రాక్టర్లు ఆదోని యార్డుకు వస్తుంటాయి. వాటినుంచి రాలిన పత్తి దారి పక్క ముళ్ళకంపలకు పట్టుకుని, కంపలన్నీ పూలు పూసినట్టే కనిపిస్తాయి.

కోటేకల్లు దగ్గర బండి ఆపి, ఇంజను కాస్త చల్లారాక మళ్ళీ కడ్డీ చూశాము. వెంట్రుకంత తగ్గింది. ముల్లు మాత్రం ఎప్పటి చోటే ఉంది. మావారి ముఖంలోకి అప్పుడు కాస్త కళ వచ్చింది. ముల్లు నిలబడి ఉందంటే ఇంజను లోపలికి ఆయిలు అందుతోందనే అర్థం. ఎమ్మిగనూరు చేరేసరికి తొమ్మిదయింది. బస్టాండు దగ్గర వేడివేడి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాము. బొరుగులు నీళ్ళలో నానబెట్టి పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి తాలింపులో కలిపి, పైన పుట్నాల పొడి చల్లే మా సీమ ఉగ్గాని తినకుండా ఈ వైపు వచ్చిపోయినవాళ్ళు వచ్చినట్టు కాదు.

పౌడరు పరీక్ష

మిస్త్రీ భాయికి అరవై దాటి ఉంటాయి. లారీల మీద చెయ్యి తిరిగినవాడు. ఆయన కింద పడుకోలేదు. బానెట్టు ఎత్తించి, పైనుంచి చూస్తూ, "అమ్మా, కారేది కింద కనపడ్తాది. పుట్టేది పైన ఉంటాది. ముందు కడగాల" అన్నాడు.

ఇంజను పూర్తిగా చల్లారేదాకా ఆగాడు. తర్వాత కాటన్ వేస్టు కిరోసిన్లో తడిపి పైనుంచి కిందిదాకా జిడ్డంతా తుడిచాడు. పొడిగుడ్డతో మళ్ళీ తుడిచి, కిరోసిన్ వాసన పోయేదాకా ఆరనిచ్చాడు. ఆ తర్వాత ఆయన అడిగింది వింటే మీరు నవ్వుతారు. "అమ్మా, మొహానికి పూసుకునే పౌడరు ఉందా?" అని! నా సంచిలో చిన్న డబ్బా ఉంది. ఇచ్చాను. ఇంజను పక్కల మీద, ఫిల్టరు చుట్టూ, సెన్సారు కింద సన్నగా చల్లాడు. ఇంజను తెల్లగా పెళ్ళికూతురులా తయారయింది. అప్పుడు స్టార్టు చెయ్యమన్నాడు.

ఐదు నిమిషాలైంది. ఇత్తడి టీ ముక్క మెడ దగ్గర తెల్లటి పౌడరు మీద సూదిమొనంత తడి. చూస్తుండగానే అది గీతయి, ఇంజను పక్కగా దిగి, వెనక్కి జారి, సరిగ్గా వెనక సీలు ఉండే చోటికి చేరి చుక్క కట్టింది. బండి నడుస్తుంటే గాలి కూడా దాన్ని వెనక్కే తోస్తుంది. అందుకే కింద పడుకుని చూసేవాళ్ళకు వెనక సీలే పోయినట్టు కనిపిస్తుంది.

"ఇంజను ఆపితే ఇక్కడ కారదమ్మా. ప్రెషరు ఉంటేనే కారతాది" అన్నాడు భాయి. చిన్న కార్లలో ఇంజను జోరుగా తిరిగేటప్పుడు ఆయిలు ఒత్తిడి మామూలుగా చదరపు సెంటీమీటరుకు 3, 4 కిలోల దాకా ఉంటుంది. టైరులో మనం పట్టించే గాలి 2 కిలోల చిల్లరే. అంటే టైరులో గాలికన్నా ఎక్కువ ఒత్తిడితో, అదీ కాగి పలచబడిన ఆయిలు, ఆ చిన్న మర సందుల్లోంచి బయటికి రావాలని చూస్తుంటుందన్నమాట. పూర్తిగా ఊడిపోతే రెండు మూడు నిమిషాల్లో ఇంజను ఖాళీ! ఆయిలు లేకుండా ఇంకాస్త దూరం లాగితే ఇంజను పట్టేస్తుంది. అప్పుడు ఎనిమిది వేలతో పోదు.

కారడానికి కారణాలు మూడు

భాయి విప్పి చూపించి చెప్పినవి నాకు అర్థమైనట్టు రాస్తాను.

ఒకటి, సెన్సారే పోవడం. ఇనప ఒడలుకూ పైన ప్లాస్టిక్ మూతకూ మధ్య మడిచి నొక్కిన చోటునుంచి ఆయిలు ఉబుకుతుంది. వైరు ఊడదీస్తే వైరు కొసకూ ఆయిలే. అలాంటప్పుడు ఎంత బిగించినా లాభం లేదు, కొత్తది వెయ్యాల్సిందే.

రెండు, మర దగ్గర సందు. మరలు రెండు రకాలు. చివరికి పోనుపోను సన్నబడే మర ఒకటి. అది చీలలాగా దిగి దానంతటదే బిగుసుకుంటుంది, వాషరు అక్కర్లేదు. రెండోది మొదలునుంచి చివరిదాకా ఒకే లావున్న మర. దానికి తల కింద రాగి వాషరు ఉండాలి. విప్పిన ప్రతిసారీ కొత్త వాషరు వేస్తే మంచిది. ఈ రెండింటినీ కలగలిపితే ఎన్నటికీ కారుతూనే ఉంటుంది.

మూడు, టీ ముక్క చిట్లడం. మా బండికి జరిగింది ఇదే. సన్నని ఇత్తడి మెడ మీద అంత బరువు డబ్బీ వేలాడుతుంటే, ఇంజను అదురుకు అది ఏళ్ళ తరబడి ఊగి ఊగి మెడ దగ్గర వెంట్రుకంత చీలిక పడింది. గోటితో తడిమితేగానీ తెలియదు.

"టేపు చుట్టి బిగిస్తే ఆగదా భాయ్?" అని అడిగారు మావారు. కుళాయిలకు చుట్టే తెల్ల టేపు సంగతి. చిట్లినదానికి టేపు పనిచెయ్యదన్నాడు. బాగున్న మరకు కూడా దాన్ని రెండు చుట్లకు మించి చుట్టకూడదట. ఒంటి వైరు సెన్సారుకు రెండో వైరు ఇంజను ఇనుమే. కరెంటు మర ద్వారానే తిరిగి పోవాలి. టేపు దట్టంగా చుడితే ఎర్తు అందక ముల్లు తప్పు చూపిస్తుంది. టేపు పీలికలు తెగి ఆయిలు దారిలో పడ్డా ముప్పే. అందుకని మొదటి మర వదిలేసి, బిగించే వైపుకే చుట్టాలి. అలాగని బలమంతా పెట్టి పానా తిప్పితే ఇంజను రంధ్రమే పగిలే ప్రమాదం ఉంది.

ఒక్క అతుకు తక్కువైతే

మరి ఏం చేద్దామని అడిగితే భాయి కాసేపు ఆలోచించి, "రేపు బిడ్డను ఎక్కించుకుని పోతారు కదమ్మా. ఒక్క అతుకు తక్కువైతే ఒక్క భయం తక్కువ. ఇప్పుడు టీ తీసేసి లైటు స్విచ్చి కొత్తది నేరుగా ఇంజనుకే బిగిస్తా. గేజీ సంగతి నిదానంగా చూస్తాం" అన్నాడు. మావారు ఒక్క నిమిషం మాట్లాడలేదు. తండ్రి పెట్టించిన ముల్లు పడుకుని ఉండటం ఆయనకు ఇష్టం లేదు. నేను, "ఏమండీ, మామగారు ఉంటే ఆయనా ఇదే చెప్పేవారు. మనవరాలికంటే ముల్లు ఎక్కువా?" అన్నాను. సరేనన్నారు.

స్విచ్చి తెప్పించేలోగా నేను మా వియ్యపురాలింటికి వెళ్ళాను. దారిలో ఒక ఇంటి అరుగు మీద పెద్దావిడ రాట్నం మీద నూలు కండెలకు చుడుతోంది. చేనేతకు మునుపటి రోజులు ఇప్పుడు లేకపోయినా, ఆ వీధిలో మగ్గాల చప్పుడు ఇంకా వినిపిస్తూనే ఉంది. ఆవిడ మధ్యలో ఆపి కదురుకు ఒకే ఒక్క చుక్క నూనె వేసింది. "రెండు చుక్కలేస్తే నూలుకు మరక పడ్తాది, వెయ్యకుంటే కదురు అరుగుతాది తల్లీ" అంది. ఇంజనుకైనా కదురుకైనా నూనె ఉండాల్సిన చోటే ఉండాలి మరి!

మా వదినగారు జొన్నరొట్టె, గుత్తి వంకాయ, శనక్కాయల పొడి పెట్టారు. పసిబిడ్డకని నాలుగు మెత్తటి తువ్వాళ్ళు, ఒక దుప్పటి తీసి ఉంచారు. మేము మిస్త్రీ దగ్గరికి తిరిగి వెళ్ళేటప్పటికి పని అయిపోయింది. మళ్ళీ పౌడరు చల్లి పావుగంట ఇంజను నడిపించి చూపించాడు. పౌడరు తెల్లగా అలాగే ఉంది. స్విచ్చికీ కూలికీ కలిపి తీసుకున్నది ఆరువందలు.

గురువారం ఉదయం తాంబూలం పుచ్చుకుని, అమ్మాయిని వెనక సీట్లో దిళ్ళు వేసి కూర్చోబెట్టి బయలుదేరాము. ముల్లు సున్నా మీద పడుకునే ఉంది. కానీ తాళం తిప్పగానే ఎర్ర లైటు వెలగడం, ఇంజను అందుకోగానే ఆరిపోవడం మూడుసార్లు చూసుకున్నాకే మావారు గేరు వేశారు. కోటేకల్లు దగ్గర దిగి చూశాము. అంతా పొడిగా ఉంది. అమ్మాయి నిద్రపోతూనే ఆదోని చేరింది.

తర్వాతి వారం భాయి చెప్పినట్టే గేజీ మళ్ళీ పెట్టించాము. ఈసారి ఇంజను మీద బరువు వెయ్యలేదు. ఇంజను నుంచి ఆయిలుకు తట్టుకునే చిన్న రబ్బరు గొట్టం తెచ్చి, టీ ముక్కను బండి బాడీకి క్లాంపు వేసి బిగించారు. గొట్టం ద్వారా ఎర్తు అందదు కనుక దానికి వేరే వైరు ఇచ్చారు. ముల్లు లేచి నిలబడింది. ఇరవై రోజుల తర్వాత ఒక రాత్రి రెండు గంటలకు అదే బండిలో అమ్మాయిని ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. తెల్లవారేసరికి మనవడు!

మీరూ గుర్తుంచుకోండి

* వారానికొకసారి, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, సమతలం మీద బండి ఉంచి కడ్డీ చూడండి. ఆయిలు రెండు గీతల మధ్య ఉండాలి.

* రాత్రి కారు కింద పాత అట్టముక్క పరచండి. పొద్దున చుక్కలు ఉంటే లీకు ఉన్నట్టే. అట్ట పొడిగా ఉన్నా, నడిపి వచ్చిన వెంటనే చుక్కలు పడితే ఒత్తిడి ఉండే చోట లీకు ఉందేమో చూపించండి.

* నడుస్తుండగా ఎర్ర ఆయిలు లైటు వెలిగితే "ఇంటిదాకా పోదాం" అనుకోవద్దు. పక్కకు తీసి వెంటనే ఇంజను ఆపాలి.

* వేడి సైలెన్సరు గొట్టం మీద ఆయిలు పడితే పొగ, కమురు వాసన వస్తాయి. జిడ్డుకు దూది, చెత్త అంటుకుని ఉంటే నిప్పు కూడా రాజుకోవచ్చు. అలా పేరుకోనివ్వకండి.

* బానెట్టు ఎత్తి నడుస్తున్న ఇంజను చూసేటప్పుడు కొంగు దోపుకోండి, జడ వెనక్కి వేసుకోండి. ఫ్యాను బెల్టు దగ్గర చెయ్యి పెట్టవద్దు.

* ఇంజను దించాలి, గేరుబాక్సు దించాలి అని ఎవరన్నా, "ముందు తుడిచి, పౌడరు చల్లి, ఎక్కడ పుడుతోందో చూపించండి" అని అడగండి. మంచి పనివాడు ఆ మాటకు కోపం తెచ్చుకోడు.

డిక్కీలో స్టెప్నీ పక్కన ఒక లీటరు ఆయిలు, ఒక పాత నూలు గుడ్డ, ఒక పౌడరు డబ్బా ఉంచుకోండి. గుడ్డ ఎమ్మిగనూరుదైతే మరీ మంచిది, ఎన్ని ఉతుకులు ఉతికినా చిరగదు.